ఉప్పు కాగితం పట్టే ముందు

పాత సామాను కొనేవాళ్లలో రెండు పక్షాలుంటాయి. మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టుకునేవాళ్లు ఒకటి, గీకి కొత్తగా మెరిపించేవాళ్లు రెండోది. మా ఇంట్లో రెండు పక్షాలకీ ప్రతినిధులున్నారు. మా ఆవిడ మ్యూజియం వస్తువుల సంరక్షణ చదివి ఆ ఉద్యోగమే చేస్తోంది. మా తమ్ముడికి వారంలో అయిదు రోజులు సాఫ్ట్‌వేర్, మిగతా రెండు రోజులూ గరాజ్‌లో పాత కుర్చీలు. ఈమధ్య లాస్ ఏంజెలెస్ శివార్లలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ సామాను అమ్ముతుంటే వాడు ఒక ఎర్ర ప్లైవుడ్ కుర్చీ పట్టుకొచ్చాడు. చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1945లో రూపు కట్టిన ఎల్‌సీడబ్ల్యూ. పొట్టి కాళ్లు, వెనక్కి వాలిన సీటు, వీపుకి తగ్గట్టు వంపు తిరిగిన పలక. స్క్రూలు, రబ్బరు బిళ్లలు తప్పిస్తే మొత్తం వంచిన ప్లైవుడ్డే. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న వెనిస్‌లో, ఎవాన్స్ ప్రొడక్ట్స్ వాళ్ల కర్మాగారంలో 1946లో దీని తయారీ మొదలైంది. 1999 చివర్లో టైమ్ పత్రిక శతాబ్దపు ఉత్తమ డిజైన్ అని ఎంచింది దీన్నే.

వాడు కుర్చీ దించాడు, ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. తరవాత జరిగింది దాదాపు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మధ్యలో కుండలీకరణాల్లో ఉన్న గొణుగుడు నాది.

మరిది: వారం తిరక్కుండా దీని రూపం మార్చేస్తా, చూడండి వదినా. సీటు పైనంతా వెలిసిపోయి ఇటుక రంగుకొచ్చింది. తిరగేస్తే కింద మాత్రం చక్కటి ఎరుపు. పాత పూత తీసేసి, ఉప్పు కాగితంతో ఒక పట్టు పట్టి, మళ్లీ ఎర్ర రంగు ఎక్కించి, పైన లాకర్ కొడితే కర్మాగారంలోంచి ఇప్పుడే వచ్చినట్టుంటుంది.

వదిన: ముందు ఆ కాగితం అవతల పెట్టు. నువ్వు గీకబోయేది టేకు చెక్క కాదు. ఇది అయిదు పొరల ప్లైవుడ్. ఒక పొర నార నిలువుగా ఉంటే దాని కింది పొర నార అడ్డంగా ఉంటుంది. మనకి కనపడే పై పొర మందం మిల్లీమీటరు కూడా ఉండదు. టేకు తలుపుని నాలుగుసార్లు గీకినా లోపల టేకే ఉంటుంది. దీన్ని వంపు దగ్గర రెండు పట్లు ఎక్కువ పట్టావంటే కింద అడ్డ పొర తేలుతుంది. తేలాక దాన్ని దాచే విద్య ఎవరి దగ్గరా లేదు.

మరిది: చేతితో నెమ్మదిగా పడతాను, మెషిన్ పెట్టను.

వదిన: నెమ్మదిగా పట్టినా పోయేది పోతుంది. నువ్వు పై పూత తీసేస్తానన్నావు చూడు, అక్కడే నాకు భయం. ఇది పెయింటు కాదు. అనిలిన్ రంగు, చెక్కలోకి ఇంకింది. అందుకే ఎర్రగా ఉన్నా నార గీతలన్నీ కనపడుతున్నాయి. పైన ఉన్న పూత దాన్ని కాపాడుతోంది. పూతని కరిగించే ద్రావకం రంగునీ లాగేస్తుంది. అప్పుడు మచ్చలు మచ్చలుగా మిగిలిన చెక్కని గీకక తప్పదు. అంటే నువ్వు రంగు మార్చడం లేదు, పై పొరలో కొంత శాశ్వతంగా తీసేస్తున్నావు.

మరిది: సరే, మీ దారికే వస్తాను. ఈ కుర్చీ గీసిన వాళ్లకి ఏం కావాలి? ఎరుపు కావాలి. బిర్చి, వాల్‌నట్ వంటి మామూలు చెక్క రంగులు చేతిలో ఉండగా, వాటితోపాటు ఎరుపు, నలుపు కావాలని పెట్టుకున్నారు. ఎండకి వెలిసిన ఈ ఇటుక రంగుని వాళ్లెన్నడూ చూడలేదు, కోరలేదు. దీన్ని కాపాడితే మీరు ఎవరి డిజైన్ కాపాడుతున్నట్టు? కిటికీలోంచి వచ్చిన ఎండ డిజైనా?

(ఇది మంచి దెబ్బ. ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు.)

వదిన: వాళ్లు కోరిన ఎరుపు ఏదో నీకెలా తెలుసు?

మరిది: కింద ఉందిగా.

వదిన: కింద ఉన్నదీ డెబ్బై ఏళ్లు దాటిన పూత కిందున్న ఎరుపే. పూత పసుపెక్కింది. ఎండ తగలకపోయినా గాలి తగిలింది. నువ్వు ఇవాళ దుకాణంలో కొనే రంగు మందు వేరు, దాని మెరుపు వేరు. పక్కపక్కన పెడితే పోలుతుందేమో గాని అదే మాత్రం కాదు. ఏది అసలుకి దగ్గరో చెప్పే సాక్ష్యం ఈ సీటు పైభాగం, కిందిభాగం రెండూ కలిపి చూస్తేనే దొరుకుతుంది. ఒకటి గీకేస్తే రెండోదాన్ని దేనితో పోలుస్తావు?

మరిది: సాక్ష్యం, సాక్ష్యం! హత్య కేసులా మాట్లాడతారు. ఇది వేలల్లో తయారైన సరుకు వదినా. సామాన్యుడికి చవగ్గా మంచి కుర్చీ అందాలని చేశారు. ఆ పనితనం కూడా యుద్ధంలో నేర్చుకున్నది. నౌకాదళానికి విరిగిన కాళ్లకి కట్టే ప్లైవుడ్ బద్దలు లక్షన్నర దాకా చేసి, ఆ నైపుణ్యంతో కుర్చీలు చేశారు. విగ్రహం కాదు, సామాను. సామాను పాడైతే బాగు చేసుకుంటాం. మన ఇంట్లో పెళ్లంటే తలుపులకి, కుర్చీలకి లప్పం పెట్టి లక్కపాలిష్ కొట్టించేవాళ్లు కాదా నాన్న? ఆ కుర్చీలు అసలువి కాకుండా పోయాయా?

వదిన: మామయ్యగారు కొట్టించింది లక్కపాలిష్. స్పిరిట్‌తో తుడిస్తే వచ్చేస్తుంది, మళ్లీ వేసుకోవచ్చు. ఆయన పొర గీకలేదు.

మరిది: అయితే ఇంకోటి వినండి. ఇదే ఈమ్స్ దంపతులు 1958లో మన భారత ప్రభుత్వానికి ఒక నివేదిక రాసిచ్చారు. దాన్ని పట్టుకునే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ పెట్టారు. ఆ నివేదికలో వాళ్లు అన్నిటికన్నా ఎక్కువ మెచ్చుకున్నది దేన్ని? మన చెంబుని. ఆ చెంబుని అమ్మ రోజూ చింతపండు పెట్టి తోమేది. లోపల కళాయి పోతే మళ్లీ పెట్టించేది. పాత మరకని అలాగే ఉంచి దండం పెట్టుకున్న వాళ్లెవరూ లేరు. ఆ నివేదిక రాసినవాళ్ల కుర్చీకి కళాయి పెట్టిస్తానంటే తప్పొచ్చిందా?

(నేను చప్పట్లు కొట్టబోయి ఆగాను.)

వదిన: బాగా చెప్పావు. కాని సగమే చెప్పావు. కళాయి అరగడానికే పెడతారు. అది అరిగినప్పుడు చెంబు అరగదు. కళాయి పెట్టేవాడు చెంబుని పలచన చేసి పెడితే, పదోసారికి చేతిలో చెంబుండదు. దీని పై పొర కళాయి కాదు, అదే చెంబు. పైన ఉన్న లాకరు ఒక్కటే కళాయి లాంటిదైతే నీతో నాకు పేచీ లేదు. రంగూ పొరా కలిసిపోయి ఉన్నాయి గనకే పేచీ.

ఆవిడ ఇక మాటలు ఆపి కుర్చీ తిరగేసింది. ఈ సంవాదంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. ఇద్దరూ వాదన మరిచిపోయి ఒకే వస్తువు మీద వంగారు.

వదిన: కింద స్క్రూలు లెక్కపెట్టు.

మరిది: అయిదు, రెండు, అయిదు. అందుకే కదా బేరమాడకుండా కొన్నా. తొలి ఏళ్ల వరస. వీటి అమ్మకం చూసుకునే హెర్మన్ మిల్లర్ కంపెనీ వాళ్లు తయారీ కూడా తమ చేతుల్లోకి తీసుకున్నది 1949లో. ఇది ఆ చుట్టుపక్కలదే.

వదిన: స్క్రూ గాడి చూడు. ఎవరైనా విప్పి ఉంటే పెదవులు చిట్లి, లోపల మెరుస్తూ ఉంటుంది. ఈ సీటు స్క్రూల్లో మురికి గట్టిగా కూరుకుని ఉంది. కాగితం చీటీ ఊడిపోయిన చోటు కనపడుతోందా? చీటీ కింద ఉన్నంత మేరా రంగు ముదురు. గీకిన సీటు మీద ఈ నీడ మిగలదు. ముందు అంచు చూడు. మోకాళ్ల వెనక తగిలేచోట పూత అరిగింది, పక్కల అరగలేదు. మనుషులు కూర్చుంటే ఇలాగే అరుగుతుంది. మళ్లీ పాలిష్ కొట్టిన కుర్చీ అన్ని చోట్లా ఒకేలా ఉంటుంది. దాని వయసు దాస్తున్నది ఆ ఒకేలాతనమే. అంచుల మీద వేలు పెట్టు, పదునుగా ఉన్నాయి కదా? ఉప్పు కాగితం తిరిగిన అంచు గుండ్రబడుతుంది. సీటు అసలుదే, సందేహం లేదు.

మరిది: వీపు పలక?

ఆవిడ లైటు తీయించి అతినీల లోహిత కిరణాల టార్చి వేసింది. సీటు పసుపు కలిసిన ఆకుపచ్చగా, అతుకులు అతుకులుగా మిణుకుమంది. వీపు పలక పాలనీలంగా, పైనుంచి కిందికి ఒక్క తీరుగా.

వదిన: ఒక్క టార్చి చూసి తీర్పు చెప్పకూడదు. లక్క అయితే నారింజ రంగులో మెరుస్తుంది, పాత లాకరు ఆకుపచ్చవైపు పోతుంది, కాని ఎవరో రాసిన మైనం కూడా లెక్క తప్పిస్తుంది. ఇది అనుమానం మటుకే. లైటు వెయ్యి. ఇదిగో, పైమూల వంపు దగ్గర. భూతద్దం పెట్టు.

మరిది: నార అడ్డం తిరిగింది.

వదిన: రెండో పొర. ఎవరో గీకి గీకి ఇక్కడ పై పొర దాటేశారు. తరవాత ఎరుపు పూశారు. ఈ మచ్చలో రంగు ఎక్కువ తాగింది, అందుకే ముదురుగా ఉంది. వెనక రబ్బరు బిళ్ల అంచు మీద లాకరు తుంపర పడింది. కర్మాగారంలో పూత ముందు, బిళ్ల తరవాత. తుంపర రబ్బరు మీద ఉందంటే పిచికారీ చేసింది ఇంకెవరో.

మరిది: అంటే సగం అసలు, సగం నాలాంటివాడి పని.

వదిన: నేననలేదు.

(అననక్కర్లేకపోయింది.)

మరిది: అయినా ఒక మాట. వీపు పలక ఎర్రగా, సీటు ఇటుక రంగులో. ఇలా రెండు రంగుల కుర్చీని ఎవరూ ఇంట్లో పెట్టుకోరు. సీటుని వీపుకి సరిపోయేట్టు చేయడం తప్ప గతి లేదు.

వదిన: ఎందుకు లేదు? పోయింది వీపు పలక. ఉన్నది సీటు. ఉన్నదాన్ని పోయినదానికి బలి ఇస్తావా? వీపునే సీటుకి దించు. దాని మీద ఇక కాపాడాల్సిన సాక్ష్యం లేదు. అయినా గీకొద్దు, ఇంకా పలచబడుతుంది. పైన రంగు కలిపిన మైనం పూత వేసి ఎరుపు తగ్గించు. రేపు ఎవరికైనా నచ్చకపోతే తుడిచేసుకుంటారు.

మరిది: మీరు ఎప్పుడూ రేపటివాడి గురించే ఆలోచిస్తారు. ఇవాళ కూర్చునేవాడి సంగతి? మెరిసే కుర్చీ కావాలని అడిగేవాళ్లే ఎక్కువ నాకు.

వదిన: వాళ్లకి కొత్తది ఉంది. 1957లో ఆపేసిన ఎల్‌సీడబ్ల్యూని హెర్మన్ మిల్లర్ వాళ్లు 1994 నుంచి మళ్లీ చేస్తున్నారు. ఎరుపు కూడా దొరుకుతుంది. కర్మాగారంలోంచి ఇప్పుడే వచ్చినట్టుండాలంటే కర్మాగారంలోంచి ఇప్పుడు వచ్చింది కొనుక్కోవచ్చు. నువ్వు ఇంత కష్టపడి తయారుచేసేది దుకాణంలో దొరికే వస్తువుని. అందుకోసం పోగొట్టేది దుకాణంలో దొరకనిదాన్ని.

మరిది: దుకాణంలో దాని ధర చూశారా? వెయ్యి డాలర్లు దాటింది ఎప్పుడో. చవగ్గా అందరికీ అనుకున్న కుర్చీ ఇవాళ జీతగాడు కొనే స్థితిలో లేదు. నీళ్లలో నానినవి, కాలు విరిగినవి, ఎవరో తెల్ల పెయింటు కొట్టినవి నేను తెచ్చి, నిలబెట్టి, అందులో సగానికి ఇస్తున్నాను. అవి కొన్న పిల్లలు వాటిమీద కూర్చుని అన్నం తింటున్నారు. ఈమ్స్ దంపతుల మాట నిలబెట్టింది మ్యూజియమా, నా గరాజా?

ఇక్కడ మా ఆవిడ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. వీళ్ల వాదంలో మ్యూజియం పక్షం ఎప్పుడూ దాటేసే చోటు ఇదే. అసలు పూత మీద అంత గౌరవం పెంచడంతో పాత కుర్చీ ధర చుక్కలంటి, అసలు ఉద్దేశమే మూలపడింది. ఆవిడ కొంచెం ఆగి, తెల్ల పెయింటు కొట్టినవాటిని ఏం చేసినా నాకు అభ్యంతరం లేదు, దీన్ని మాత్రం వదులు అంది. అది ఒప్పుకోలో సర్దుబాటో తేలలేదు.

తరవాత మాట రబ్బరు బిళ్లల మీదికి మళ్లింది. ఎల్‌సీడబ్ల్యూలో సీటూ వీపూ చట్రానికి నేరుగా బిగించి ఉండవు. మధ్యలో రబ్బరు బిళ్లలుంటాయి. అవి చెక్క వెనక భాగానికి అతికి ఉంటాయి, స్క్రూ వాటిలోకి దిగుతుంది. అందుకే వీపు పలక ముందువైపు ఒక్క మేకు తల కూడా కనపడదు, ఆనుకుంటే కొంచెం కదులుతుంది. అతికించే పద్ధతి యుద్ధకాలంలో క్రైస్లర్ కార్ల కంపెనీ తెచ్చిన సైకిల్‌వెల్డ్. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు రాయిలా గట్టిపడి, ఒకరోజు పలకతో సహా ఊడొస్తుంది.

మరిది: ఇక్కడ మాత్రం మీరూ నా దారికి రావాలి. ఈ బిళ్ల సగం విడిపోయింది. గోటితో తడితే గుల్ల మోగుతోంది. కొత్త బిళ్ల, ఎపాక్సీ. వేరే మార్గం లేదు.

వదిన: బిళ్ల మార్చడం మీద గొడవ లేదు. మనిషి పడిపోకూడదు. కొందరు వీపు పలకకి ముందునుంచి బెజ్జం పెట్టి బోల్టు దించేస్తారు. అలాంటి కుర్చీ చూస్తే నాకు ఏడుపొస్తుంది. ఎపాక్సీ మీదే నా పేచీ. అది చెక్క కన్నా బలం. ఈసారి ఊడితే పొరని చీల్చుకుని ఊడుతుంది. ముందు చెక్క మీద పారలాయిడ్ బి-72 రెసిన్ పలచగా పూసి, దాని మీద ఎపాక్సీ వేస్తే, ఎప్పుడైనా అసిటోన్‌తో ఆ మధ్య పూతని కరిగించి విడదీయొచ్చు.

మరిది: ఆ మధ్య పూత తొంభై కిలోల మనిషి వెనక్కి వాలితే ఆగుతుందా?

వదిన: మ్యూజియంలో ఎవరూ వాలరు.

మరిది: అదీ సంగతి! మీ పద్ధతిలో అది కుర్చీ కాదు.

వదిన: కూర్చోవాలంటే నేరుగా ఎపాక్సీ వెయ్యి. దాచకుండా రాసిపెట్టు, చాలు.

మరిది: ఏం రాయాలి?

వదిన: ఏది అసలు, ఏది నువ్వు చేసింది, ఏది నీ ముందువాడు చేసింది. ఫొటోలతో. నువ్వే కదా నిరుడు ఒక దుకాణదారు అసలు పూత అని చెబితే నమ్మి వాల్‌నట్ కుర్చీ కొని, ఇంటికొచ్చాక అంచులు గుండ్రంగా ఉన్నాయని లబోదిబోమన్నావు? వాడు గీకినందుకు నీకు కోపం రాలేదు, చెప్పనందుకు వచ్చింది.

మరిది: రాస్తే ధర పడిపోతుంది వదినా.

వదిన: పడాల్సినంతే పడుతుంది.

ఈలోగా ఆవిడ దూది పుల్ల నాలికతో తడి చేసి సీటు కింద ఒక మూల రుద్దింది. మురికి నల్లగా వచ్చింది, రంగు రాలేదు. ‘అయ్యో వదినా, ఎంగిలి!’ అన్నాడు వాడు. ఉమ్మిలోని ఎంజైములు మురికిని వదిలిస్తాయట, లాకర్ జోలికి పోవట. మ్యూజియాల్లో మామూలేనట. (మా అమ్మ ఊళ్లో ఉండబట్టి సరిపోయింది.)

చివరికి నన్ను తీర్పు చెప్పమన్నారు. నాకు వడ్రంగమూ రాదు, రసాయనమూ రాదు గనక తటస్థుడినని వాళ్ల నమ్మకం. నేను చెప్పింది ఇది. సీటుని ఎవరూ గీకకూడదు. మురికి తీసి వదిలేయాలి. వెలిసిన రంగు అందంగా ఉందని కాదు, నిజం చెప్పాలంటే నా కంటికి అంత అందంగా లేదు. దాన్ని పోగొడితే తిరిగి తెచ్చే దారి లేదు, ఉంచితే గీకే అవకాశం రేపటికీ ఎల్లుండికీ ఉంటుంది. వీపు పలక ఇప్పటికే ఒకసారి పోయింది గనక దాని మీద తమ్ముడికి స్వేచ్ఛ ఉంది, కాని తుడిస్తే పోయే పూతతోనే, సీటు వైపుకి దించడానికే. రబ్బరు బిళ్ల మార్చాల్సిందే, నేరుగా ఎపాక్సీతోనే, ఎందుకంటే ఈ కుర్చీలో మనుషులు కూర్చుంటారు. తెల్ల పెయింటు కొట్టినవాటి విషయంలో వాడి గరాజ్ పని వాడిది. అక్కడ మ్యూజియం నీతి చెప్పడానికి మనకేం హక్కు లేదు.

వాడు సీటు సంగతి ఒప్పుకున్నాడు. చీటీ కూడా రాసి సీటు అడుగున దారంతో కట్టాడు: ‘సీటు పూత అసలుది. వీపు పలక గతంలో ఎవరో గీకి రంగు వేసినది, పైన మైనం పూత నాది. ఒక రబ్బరు బిళ్ల కొత్తది, ఎపాక్సీతో అతికించాను.’ ధర మాత్రం తగ్గించనంటున్నాడు.